బగ్ ట్రాకర్ ఎంచుకునేటప్పుడు ఫీచర్ల పట్టికను అన్నిటికంటే చివర చూడండి

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఏ బగ్ ట్రాకర్ (సాఫ్ట్‌వేరులో దొరికిన తప్పులను నమోదుచేసి చూసుకునే పనిముట్టు) మంచిదని వెతికితే ముందుగా దొరికేది పోలిక పట్టిక. కాన్‌బాన్ బోర్డు ఉందా, గాంట్ చార్టు ఉందా, డార్క్ మోడ్ ఉందా అని టిక్కులు పెట్టి ఉంటాయి. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి రెండు. బగ్ ఎదురైన మనిషి ఆ సంగతి మీ చెవిన వేయడానికి ఎన్ని గడపలు దాటాలి? రేపు ఆ ట్రాకర్‌ని వదిలేయాల్సి వస్తే అందులో ఉన్నదంతా ఏ రూపంలో మీ చేతికొస్తుంది?

మాట గాల్లో ఉండకుండా ఒక ప్రాజెక్టు అనుకుందాం. తెలుగు ఫాంటో, కీబోర్డు యాపో, స్పెల్ చెకరో. చూసుకునేవాళ్లు ముగ్గురు. ముగ్గురికీ ఉద్యోగాలున్నాయి, దీనికి దొరికేది రాత్రిళ్లూ ఆదివారాలూ. వాడేవాళ్లు డీటీపీ ఆపరేటర్లు, టీచర్లు, పత్రికల డెస్కుల్లో పనిచేసేవాళ్లు. అంటే ప్రోగ్రామర్లు కారు. బగ్ ట్రాకర్ గురించి దొరికే సలహాల్లో చాలా మటుకు, బగ్ రాసేవాడు కూడా ప్రోగ్రామరే అనుకుని ఇచ్చినవి. తేడా అక్కడే కొడుతుంది.

కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ దాచి పంచుకునే సైటు) ఉంటే ఇష్యూలూ, అంటే బగ్ నమోదులూ, అక్కడే పెట్టేయడం అందరూ చేసేపని. ప్రోగ్రామర్లకు అది సుఖమే, ఖాతా ఎలాగూ ఉంటుంది. డీటీపీ ఆపరేటరుకు మాత్రం కొత్త ఖాతా, ఈమెయిల్ నిర్ధారణ, రోబో కాదని నిరూపించుకునే బొమ్మల పజిలు, ఆపైన ఇంగ్లీషు తెర. ఆయన ఆ తలనొప్పి పడడు. వాట్సాప్ గ్రూపులో ‘వత్తు తేడాగా వస్తోంది’ అని ఒక ఫొటో పడేస్తాడు, రెండ్రోజుల్లో అది శుభోదయం మెసేజీల కింద సమాధైపోతుంది. ప్లే స్టోర్‌లో ఒక్క స్టార్ ఇచ్చేవాళ్లు ఇంకొందరు.

అందుకే ఖాతా లేకుండా, మామూలు మెయిల్ ద్వారా బగ్ చెప్పే దారి ఉందా అన్నది మొదటి ప్రశ్న. డెబియన్ అనే లైనక్స్ ప్రాజెక్టు బగ్ ట్రాకర్ 1990ల నుంచీ మెయిల్ మీదే నడుస్తోంది. బగ్ తెరవడం, కామెంటు రాయడం, మూసేయడం అన్నీ మెయిల్‌తోనే. బగ్ నంబరు పక్కన ‘డన్’ అని చేర్చిన చిరునామాకు ఎవరు రాసినా అది మూసుకుంటుంది. తెరిచి పెట్టిన ఇల్లులా ఉన్నా ఇన్నేళ్లుగా నడుస్తూనే ఉంది.

మీకు అంత యంత్రాంగం అక్కర్లేదు. గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌లో సర్వీస్ డెస్క్ అనే వసతి ఉచిత ప్లాన్‌లోనే దొరుకుతుంది. ప్రాజెక్టుకొక మెయిల్ చిరునామా ఇస్తుంది, దానికొచ్చిన ప్రతి మెయిలూ ఒక ఇష్యూగా మారుతుంది. మీరు కింద కామెంటు రాస్తే అది అవతలి మనిషికి మెయిల్‌గా వెళ్తుంది, ఆయన జవాబిస్తే మళ్లీ కామెంటుగా వచ్చి చేరుతుంది. ఇందులో రెండు చోట్ల కాలు జారుతుంది. ‘ఈయనకు యూనికోడ్ అంటే ఏంటో తెలిసినట్టు లేదు’ అని మీలో మీరు అనుకునే మాట మామూలు కామెంటుగా రాస్తే అది నేరుగా ఆయన ఇన్‌బాక్సులో దిగుతుంది. అలాంటివి ఇంటర్నల్ నోట్‌గానే రాయాలి. రెండోది, మెయిల్ కింద సంతకంలో ఫోన్ నంబరు, ఆఫీసు అడ్రసు ఉంటాయి. పబ్లిక్ ప్రాజెక్టులో ఇలా వచ్చిన ఇష్యూలు మొదట గోప్యంగానే తెరుచుకుంటాయి. వాటిని బహిరంగం చేసేముందు ఆ సంతకం చెరిపేయండి. చాలామంది చెరపరు.

గిట్‌హబ్ వదలడం ఇష్టం లేకపోతే ఒక మెయిల్ చిరునామా ప్రకటించి, వచ్చినవాటిని వారానికొకరు వంతులవారీగా ఇష్యూలుగా ఎక్కించడమే మార్గం. చాకిరీయే, కానీ వారానికి అయిదారు మెయిళ్లకు అరగంట చాలు.

కోడ్ ఉన్నచోటే బగ్గులూ ఉండాలన్న నియమం లేదు. లైనక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్ల కోడ్ 2020 నుంచి గిట్‌ల్యాబ్‌లో ఉంది, బగ్గులు మాత్రం బగ్‌జిల్లా అనే వేరే ట్రాకర్‌లోనే. ప్రోగ్రాం కుప్పకూలినప్పుడు పైకొచ్చే కిటికీ అక్కడికే వివరాలు పంపేలా అమర్చుకున్నారు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో కోడ్ గిట్‌హబ్‌లో, టికెట్లు (బగ్ నమోదులు) ట్రాక్ అనే ట్రాకర్‌లో. ఇలా విడదీస్తే కోడ్ మార్పును కమిట్ (నమోదు) చేయగానే బగ్ మూసుకునే సౌకర్యం దానంతటదే రాదు, దానికో హుక్, అంటే ఆ సమయంలో నడిచే చిన్న స్క్రిప్టు, రాసుకోవాలి. మొత్తం పంచాయితీ అంతే.

తర్వాత ఫారం. గిట్‌హబ్‌లో ఖాళీ పెట్టె ఇస్తే ‘పనిచేయడం లేదు, దయచేసి చూడగలరు’ అని వస్తుంది. డాట్ గిట్‌హబ్ ఫోల్డరులోని ఇష్యూ టెంప్లేట్ ఫోల్డరులో యామల్ ఫైలుతో ఫారం తయారుచేసి, కాన్ఫిగ్ ఫైల్లో ఖాళీ ఇష్యూలు వద్దని ఫాల్స్ పెట్టండి. ప్రశ్నలు తెలుగులోనే రాయండి. తప్పనిసరి గడులు నాలుగైదు దాటితే మనిషి సగంలో వెళ్లిపోతాడు. ఏ వెర్షను, ఏ యాప్‌లో, ఏం టైపు చేశారు, ఏం కనబడింది, ఏం కనబడాలి. తీవ్రత ఎంత అని అడగకండి, ఎవరి బగ్ వాళ్లకు అత్యవసరమే. తీవ్రత, ప్రాధాన్యం మీరే వేసుకోండి.

ఫాంటు బగ్‌కి వచ్చేసరికి ‘ఏం టైపు చేశారు’ అన్న గడి దగ్గర కాస్త ఆగాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే వస్తే లాభం లేదు, ఎందుకంటే అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ లాంటివి కంటికి కనబడవు. పాఠ్యం కాపీ చేసి పెట్టమనాలి. దారిలో అదృశ్య అక్షరాలు రాలిపోయే ప్రమాదం ఉంది కనక, తెలిసినవాళ్లయితే కోడ్ పాయింట్లు (ఒక్కో అక్షరానికి యూనికోడ్ ఇచ్చిన అంకెలు) కూడా రాసే చోటు ఇవ్వాలి. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’లో ఞకారం తర్వాత ఆ నాన్ జాయినర్ దూరిన వరుస ఒకటి ఐఫోన్లను కుప్పకూల్చింది, ఐఓఎస్ 11.2.6తో సర్దారు. అలాంటి బగ్ మీ ట్రాకర్‌లో ఉన్నదున్నట్టు రాస్తే, ఐఫోన్‌లో ఆ పేజీ తెరిచిన మెయింటెయినర్ బ్రౌజరూ పడిపోయేది. కోడ్ పాయింట్లను అంకెల్లో రాస్తే ఆ గొడవ ఉండదు.

అలా వచ్చిన బగ్ అసలు మీదేనా అన్నది ఇంకో తగువు. వత్తు విరిగి కనబడితే తప్పు ఫాంటుది కావచ్చు, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్‌ది కావచ్చు, దాన్ని వాడుకునే యాప్‌ది కావచ్చు. హార్ఫ్‌బజ్‌తో పాటు వచ్చే హెచ్‌బీ-వ్యూ అనే పనిముట్టుకు ఆ ఫాంటు ఫైలూ ఆ పదమూ ఇచ్చి చూడండి. అందులో సరిగ్గా వచ్చి యాప్‌లో తప్పొస్తే గొడవ యాప్‌లో, లేదా యాప్ వాడే వేరే కూర్పు ఇంజన్‌లో ఉంది. అందులోనూ తప్పొస్తే వేరే ఫాంటుతో చూడండి. ఆ ఫాంటుతో సరిగ్గా వస్తే తప్పు చాలావరకు మీదే. దాని తోడు పనిముట్టు హెచ్‌బీ-షేప్ ఏ గ్లిఫులు (ఫాంటులోని అక్షర రూపాలు) ఏ వరుసలో వచ్చాయో పేర్లతో చెబుతుంది, ఆ అవుట్‌పుట్‌ను ఇష్యూలో అతికించేయండి. కాబట్టి ఈ కోవ ప్రాజెక్టుకు ట్రాకర్‌లో కావలసింది గాంట్ చార్టు కాదు, ‘పై ప్రాజెక్టులో (మనం ఆధారపడే హార్ఫ్‌బజ్ లాంటిదాంట్లో) ఈ బగ్ లింకు’ అన్న చిన్న గడి. గిట్‌హబ్‌లో ఆ గడి ఉండదు. ‘అప్‌స్ట్రీమ్’ అని ఒక లేబులు పెట్టి, లింకును ఇష్యూ మొదటి వరుసలో రాసే అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

ఇక వెతుకులాట. తెలుగులో విభక్తులు మాటకు అతుక్కుంటాయి. ‘ఫాంటు’ అని వెతికితే ‘ఫాంటులో’, ‘ఫాంటుకి’ ఉన్న ఇష్యూలు పూర్తి పదాన్ని మాత్రమే పోల్చే సెర్చిలో దొరకవు. అప్పుడు అదే బగ్ నాలుగుసార్లు నమోదవుతుంది. ఎంచుకోబోయే ట్రాకర్‌లో ఇది ఒకసారి పరీక్షించండి. దొరక్కపోతే శీర్షిక చివర తేడా చేస్తున్న అక్షర గుచ్ఛాన్ని విడిగా రాసే పద్ధతి పెట్టుకోండి.

ఇప్పుడు బయటికెళ్లే దారి. సేవలు మూతపడవని ధీమాగా ఉండడానికి లేదు. ప్రాజెక్టుల కోడ్, బగ్గులు ఉంచే గూగుల్ కోడ్ సైటును మూసేస్తున్నట్టు 2015 మార్చిలో ప్రకటించారు, 2016 జనవరికి తలుపులు మూశారు. ఫాబ్రికేటర్ అనే ట్రాకర్‌ను తయారుచేసిన కంపెనీ 2021 జూన్‌లో పని ఆపేసింది. వికీమీడియా ట్రాకర్ ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది, తెలుగు వికీపీడియాకు సంబంధించినవీ అక్కడే నమోదవుతాయి. వాడుకరులు కలిసి ఫోర్జ్ అనే శాఖను నిలబెట్టారు కాబట్టి సరిపోయింది.

వెళ్లిపోయేటప్పుడు అందరికంటే గోల చేసేది బగ్ నంబరు. కమిట్ మెసేజీల్లో, రిలీజ్ నోట్సులో, కోడ్ వ్యాఖ్యల్లో అది అచ్చయిపోయి ఉంటుంది. గిట్ చరిత్రను మార్చలేం. పైథాన్ వాళ్లు 2022 ఏప్రిల్‌లో రౌండప్ అనే ట్రాకర్ నుంచి గిట్‌హబ్ ఇష్యూలకు మారారు. కోడ్ 2017లోనే గిట్‌హబ్‌కి వెళ్లింది కాబట్టి పుల్ రిక్వెస్టులు (ఈ కోడ్ మార్పు తీసుకోండన్న అభ్యర్థనలు) వేల నంబర్లను అప్పటికే తినేశాయి. గిట్‌హబ్‌లో ఇష్యూలకూ పుల్ రిక్వెస్టులకూ ఒకటే వరుస మరి. పాత బగ్గులకు కొత్త నంబర్లు వచ్చాయి. ఈ చిక్కును దాటించింది ఒక చిన్న అలవాటు. కమిట్లలో ఉత్త అంకె రాయకుండా బగ్ నంబరు ముందు ‘బీపీఓ’ (పాత ట్రాకర్ చిరునామా బగ్స్ డాట్ పైథాన్ డాట్ ఆర్గ్‌కి పొట్టిపేరు) అని రాసేవారు, మారాక ‘జీహెచ్’ (గిట్‌హబ్) అని రాస్తున్నారు. ఏ అంకె ఏ ట్రాకర్‌దో చూడగానే తెలుస్తుంది. మీరూ మొదటి రోజు నుంచే హ్యాష్ గుర్తు ఒక్కదానితో సరిపెట్టకుండా ముందు రెండక్షరాలు తగిలించండి. ఖర్చు సున్నా.

గిట్‌ల్యాబ్‌లో ఇష్యూలకు ఒక వరుస, మెర్జ్ రిక్వెస్టులకు (పుల్ రిక్వెస్టుకు అక్కడి పేరు) వేరే వరుస. అక్కడ ప్రాజెక్టు ఎగుమతి బటన్ నొక్కితే ఇష్యూలు, కామెంట్లతో సహా ఒక టార్ ఫైలు వస్తుంది. గిట్‌హబ్ నుంచి తీయాలంటే ఏపీఐ, అంటే ప్రోగ్రాం ద్వారా డేటా అడిగే దారి. ఇక్కడ మోసపోయేవాళ్లు ఎక్కువ. ఇష్యూల జాబితా అడిగితే అది తెరిచి ఉన్నవే ఇస్తుంది, మూసినవి కూడా కావాలంటే స్టేట్ విలువ ‘ఆల్’ అని పంపాలి. పేజీకి 30 మాత్రమే ఇస్తుంది, గరిష్ఠం 100. పుల్ రిక్వెస్టులు కూడా ఇష్యూల్లో కలిసి వస్తాయి, వాటిని వేరుచేసుకోవాలి. కామెంట్లు విడిగా తెచ్చుకోవాలి. బొమ్మలు అసలు రావు, లింకులే వస్తాయి, ఒక్కొక్కటీ దించుకోవాలి. టోకెన్ (మీ ఖాతా తరఫున చూపించే తాళంచెవి లాంటిది) లేకుండా గంటకు 60 అభ్యర్థనలే, టోకెన్‌తో 5,000. 3,000 ఇష్యూలు, 12,000 కామెంట్లు అనుకుంటే 150 అభ్యర్థనల పని, టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది.

ఎక్కించడం అంత తేలిక కాదు. అవే 15,000 అంశాలను మామూలు ఏపీఐతో గిట్‌హబ్‌లోకి తోయాలంటే కొత్త అంశాలకు గంటకు 500 అన్న పరిమితి అడ్డొస్తుంది. 30 గంటలు. అన్నీ టోకెన్ యజమాని పేరిట, ఈరోజు తేదీతో పడతాయి కనక అసలు రాసినవారి పేరు, తేదీ ప్రతి కామెంటు మొదటి వరుసలో మీరే చేర్చాలి. పాత కామెంట్లలో ‘ఎట్’ గుర్తు ఉన్న ప్రతి మాటా ఎవరో ఒకరి ఖాతా పేరు కావచ్చు. జావా కోడ్‌లో ఎట్ గుర్తుతో ‘ఓవర్‌రైడ్’ అని రాస్తారు, ఆ ముక్క అతికించి ఉంటే ఆ పేరుతో ఉన్న ఏ అమాయకుడికో వందల నోటిఫికేషన్లు పోతాయి. ఆ గుర్తు చుట్టూ బ్యాక్‌టిక్కులు పెట్టే స్క్రిప్టు ముందే నడపండి. పాత నంబర్లే నిలవాలనుకుంటే ఒక్క పుల్ రిక్వెస్టు కూడా లేని ఖాళీ రెపోలోకి (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు), క్రమం తప్పకుండా, మధ్యలో లేని నంబర్లకు ఉత్తుత్తి ఇష్యూలు నింపుతూ ఎక్కించాలి.

సొంత సర్వర్ పెట్టుకుంటే ఈ బాధలుండవు కదా అనిపిస్తుంది. ముగ్గురున్న ప్రాజెక్టుకు అది కొరివితో తల గోక్కోవడమే అని నా ఉద్దేశం. వచ్చే మూడేళ్లు సర్వర్ నాది అని పేరు పెట్టి ఒప్పుకునే మనిషి ఉంటే తప్ప ఆ జోలికి పోకండి. పోయేవాళ్లకు తగిలే దెబ్బలు ఇవి.

మొదటిది మెయిల్. ట్రాకర్ పంపే మెయిల్ అవతలివాళ్ల స్పామ్ ఫోల్డరులో పడితే మీ ప్రశ్న వాళ్లకు చేరదు. జవాబు రాలేదని మీరు బగ్ మూసేస్తారు, మూసేశారని కూడా వాళ్లకు తెలియదు. చాలా క్లౌడ్ కంపెనీలు 25వ పోర్టును మూసేస్తాయి, 587 మీద రిలే సేవ తీసుకోవాలి. మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువుచేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు డొమైనుకు పెట్టాలి. పెట్టాక జీమెయిల్‌కి ఒక పరీక్ష మెయిల్ పంపి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ తెరిస్తే మూడింటి పక్కనా పాస్ అని ఉండాలి. ఒక్కటి ఫెయిల్ ఉన్నా ట్రాకర్‌ను జనానికి తెరవకండి.

రెండోది స్పామ్. ఎవరైనా ఖాతా తెరుచుకోవచ్చని వదిలేస్తే కొన్ని రోజుల్లోనే లింకులు నింపుకునే నకిలీ ఖాతాలు బారులు తీరతాయి. అపాచీ ఫౌండేషన్ అంతటిది కూడా 2022లో స్పామ్ భరించలేక జిరా అనే ట్రాకర్‌లో ఎవరికి వారు ఖాతా తెరుచుకునే వీలు తీసేసి, అడిగినవాళ్లకు ఇచ్చే పద్ధతికి మారింది. సొంత సర్వర్‌పై పెట్టుకునే, గిట్‌హబ్ లాంటి ఫోర్జెజో, గిటీల్లో చేత్తో ఆమోదించే సెట్టింగు ఉంది, అది పెట్టండి.

మూడోది బ్యాకప్. రెడ్‌మైన్ అనే ట్రాకర్‌లో అటాచ్‌మెంట్లు డేటాబేసులో ఉండవు, ఫైల్స్ అనే ఫోల్డరులో ఉంటాయి. డేటాబేసు డంపు ఒక్కటే తీసుకుంటే స్క్రీన్‌షాట్లన్నీ గోవిందా. డేటాబేసుగా ఎస్‌క్యూలైట్ వాడుతుంటే నడుస్తున్న ఫైలును మామూలు కాపీ చేయకండి, సగం రాసిన స్థితి దొరకవచ్చు. దాని బ్యాకప్ ఆదేశం వాడండి. తీసిన బ్యాకప్‌ను ఇంకో మిషన్‌లో ఒకసారైనా పైకి లేపి చూడండి.

నాలుగోది అక్షరాలు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ‘యూటీఎఫ్8’ అని పాత పేరుతో ఉన్నది అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా మూడు బైట్లే కనక అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. ఎవరో నాలుగు బైట్ల ఎమోజీ పెడతారు, స్ట్రిక్ట్ మోడ్ (సరిపడని డేటాను ఒప్పుకోని సెట్టింగు) లేకపోతే అక్కణ్ణుంచి మిగతా వివరణంతా చడీచప్పుడు లేకుండా తెగిపోతుంది. స్థాపించేటప్పుడే ‘యూటీఎఫ్8 ఎంబీ4’ ఎంచుకోండి. శీర్షికకు 255 అని పరిమితి ఉన్నచోట అది కోడ్ పాయింట్ల లెక్క. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలు, లెక్కలో ఏడు, డిస్కు మీద 21 బైట్లు.

సొంతంగా పెట్టుకునేవాటిలో చిన్న జట్టుకు ఫోర్జెజో నయం. ఒక్క బైనరీ, ఎస్‌క్యూలైట్ చాలు, గిట్‌హబ్ నుంచి ఇష్యూలు, లేబుళ్లు, మైలురాళ్లు లాక్కొచ్చుకుంటుంది. సర్వర్ కూడా వద్దనుకుంటే అదే సాఫ్ట్‌వేరు బెర్లిన్‌లోని కోడ్‌బర్గ్ సంఘం దగ్గర నడుస్తోంది. సొంత గిట్‌ల్యాబ్ చిన్న మిషన్‌కు తలకు మించిన భారం. మాంటిస్ అనే ట్రాకర్ పీహెచ్‌పీలో రాసింది కాబట్టి చవక హోస్టింగులోనూ నడుస్తుంది. ట్రాక్ 1.6తో, అంటే 2023లో గానీ పైథాన్ 3కి రాలేదు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దాన్ని సిఫారసు చేయను. బగ్‌జిల్లా 1998 నుంచి ఉంది. ఒక బగ్ ఇంకోదానిపై ఆధారపడే లెక్కలు, ఏ గుంపు ఏ బగ్ చూడాలన్న కట్టుబాట్లు దాని అంత బాగా చేసేవి తక్కువే. కానీ అది వందల కాంపొనెంట్లున్న ప్రాజెక్టుల బండి. పైగా అందులో లాగిన్ అంటే ఈమెయిల్ చిరునామా, లాగిన్ అయినవాళ్లందరికీ అది కనబడుతుంది.

భద్రతకు సంబంధించిన బగ్గులకు దారి ముందే వేయండి. కీబోర్డు యాప్ అయితే మరీను, జనం పాస్‌వర్డులు టైపు చేసేది దాంట్లోనే. గిట్‌హబ్ పబ్లిక్ రెపోలో ఇష్యూను గోప్యంగా పెట్టలేం. సెట్టింగుల్లో ప్రైవేట్ వల్నరబిలిటీ రిపోర్టింగ్ విడిగా ఆన్ చేసి, సెక్యూరిటీ ఫైల్లో ఆ సంగతి రాయాలి. గిట్‌ల్యాబ్‌లో గోప్య ఇష్యూ ఉచితమే.

లేబుళ్లు పదిహేను దాటనివ్వకండి. కదలిక లేని ఇష్యూలను 60 రోజులకు వాటంతటవే మూసేసే బాట్ పెట్టడం ఈమధ్య ఫ్యాషనైంది. బగ్ అలాగే ఉంటుంది, చెప్పినవాడు మాత్రం మళ్లీ రాడు. మీరు ప్రశ్న అడిగి జవాబు రానివాటికి ఒక లేబులు వేసి, ఆ లేబులు ఉన్నవాటినే మూయండి.

రెండు ట్రాకర్ల మధ్య ఊగిసలాడుతుంటే ఒక శనివారం కేటాయించండి. మీ దగ్గరున్న అసలు బగ్గుల్లోంచి ఇరవై తీసి రెండింట్లోనూ ఎక్కించండి. ప్రోగ్రామింగ్ తెలియని ఒకరికి ఫోనిచ్చి, పక్కనుండి చెప్పకుండా, ఒక బగ్ నమోదు చేయమనండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. తర్వాత రెండింట్లోంచీ మొత్తం ఎగుమతి చేసి, ఫైలు తెరిచి ‘లక్ష్మి’ అన్న మాట వెతకండి. బ్యాక్‌స్లాష్, యూ, ఆపైన 0తో మొదలయ్యే నాలుగు అక్షరాల కోడ్లు కనబడితే కంగారు పడకండి, జేసన్ ఫైల్లో తెలుగును అలా రాయడం తప్పు కాదు, తిరిగి చదివినప్పుడు అక్షరాలొస్తాయి. వరసగా ఏడు ప్రశ్నార్థకాలు కనబడితే మాత్రం ఆ ట్రాకర్‌ను అక్కడే వదిలేయండి. ఆ అక్షరాలు ఇక తిరిగి రావు.